అమ్మ చేతి మాట

ఆ ఏడాది చలికాలం మా ఇంట్లో భోజనాల బల్ల మీద పళ్లెం పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది. బల్లంతా చెక్క పలకలే. మా నాన్న క్లైవ్ వడ్రంగి. అల్మారాలు చేయగా మిగిలిన ముక్కలను అగ్గిపెట్టెలంత కోసి, నున్నగా చిత్రిక పట్టి, ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం రాసి ఇచ్చాడు. ముదురు రంగు ముక్కల మీద అంకెలు రాశాడు. మా అమ్మ గ్లెనిస్ సాయంత్రం పాల ఫ్యాక్టరీ లాబ్ నుంచి వచ్చి, కోటయినా విప్పకుండా వాటి ముందు కూర్చునేది.

ఆరింటికి టీవీలో ‘తొమ్మిది పలకలు’ వచ్చేది. తొమ్మిది అక్షరాలు ఇస్తారు. అరనిమిషంలో వాటితో ఎంత పొడుగు మాట కడితే అన్ని మార్కులు. మరోసారి ఆరు అంకెలు ఇస్తారు. వాటిని కలిపో, తీసేసో, గుణించో వాళ్లు చెప్పిన పెద్ద సంఖ్య రాబట్టాలి. ఎవరు దగ్గరగా వస్తే వాళ్లకే మార్కులు, సరిగ్గా రాబడితే పది. ఆఖర్న తొమ్మిది అక్షరాల మాటనొకదాన్ని చిందరవందర చేసి చూపిస్తారు. ముందుగా మీట నొక్కి దాన్ని విప్పినవాళ్లకు పది మార్కులు. అమ్మ సోఫా అంచున కూర్చుని టీవీలోవాళ్లకంటే ముందే జవాబులు చెప్పేసేది, చేతులతో.

అమ్మకూ నాన్నకూ పుట్టుకతోనే చెవుడు. ఇంట్లో మాటలన్నీ చేతి మాటలే. నాకు మాత్రం చెవులు వినిపిస్తాయి. అందుకని ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఉన్న మా వార్నంబూల్ ఊళ్లో వాళ్లిద్దరి నోరూ నేనే. డాక్టరు దగ్గర నేనే, బ్యాంకులో నేనే, మాంసం కొట్టులో నేనే. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు.

అమ్మ చేతి మాటలో మొహమాటం ఉండదు. మాంసం కొట్టు రెజ్జీతో ఒక శనివారం, “పోయినవారం నువ్విచ్చిన మాంసం కంటే నా బూటు మెత్తగా ఉంది” అంది. నేను రెజ్జీ వైపు తిరిగి, “అమ్మకి ఈసారి కాస్త లేతది కావాలట” అన్నాను. రెజ్జీ నవ్వుతూ లోపలికి వెళ్లాడు.

అమ్మ నన్ను అనుమానంగా చూసింది. “వాడు నవ్వుతాడేంటే? నేనన్నదేంటి, నువ్వు చెప్పిందేంటి?”

“నువ్వన్నదే చెప్పానమ్మా.”

“అయితే వాడికి సిగ్గయినా లేదు, లేకపోతే నీకైనా లేదు” అంది.

మాకు చలి మొదలయ్యే జూన్ నెలలో ఒక సాయంత్రం అమ్మ పలకలన్నీ ఒక పక్కకు నెట్టి, ఫోను నా ముందు పెట్టింది. ‘తొమ్మిది పలకలు’ వాళ్ల దగ్గర్నుంచి ఈమెయిలు. తనంతట తనే దరఖాస్తు పెట్టుకుంది, వాళ్లు పంపిన పరీక్ష ఇంటి నుంచే రాసింది, నెగ్గింది. నాకు మాట మాత్రం చెప్పలేదు. జూలైలో మెల్బోర్న్‌లో షూటింగు.

నేను ఆమెను వాటేసుకున్నాను. విడిపించుకుని, “పూర్తిగా చదువు” అంది.

కింద ఇంకో ముక్క ఉంది. అమ్మ అడిగిన ప్రకారం చేతి మాట తెలిసిన దుబాసీని ఏర్పాటు చేస్తామని.

“దుబాసీ దేనికి? నేనున్నాగా” అన్నాను.

“నువ్వొద్దు.”

నాన్న చప్పున ఒక పలక చేతిలోకి తీసుకుని అది ఎంత నున్నగా ఉందో చూడ్డం మొదలుపెట్టాడు.

“ఎందుకొద్దు?”

“నువ్వు నా మాట చెప్పవు రోవీనా. బాగుచేసి చెప్తావు. నేను కారం పెడితే నువ్వు కడిగి వడ్డిస్తావు.”

“ఎదుటివాళ్లు నొచ్చుకోకూడదని...”

“నొచ్చుకోనీ. నేను చూసుకుంటా.” అమ్మ చేతులు నెమ్మదిగా కదిలాయి. “నువ్వొచ్చి జనంలో కూర్చో. ఒక్కసారన్నా నన్ను చూడు. నేను మాట్లాడుతుంటే నువ్వెప్పుడూ నన్ను చూడవు. ఎదుటివాడి మొహం చూస్తావు, వాడేమనుకుంటున్నాడో అని.”

నాకు కోపం వచ్చింది. లేచి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. గిన్నెలెంత చప్పుడు చేసినా ఆ ఇంట్లో విని బాధపడేవాళ్లెవరూ లేరు. కాసేపటికి నాన్న వచ్చి నా పక్కన నిలబడి, తడిగుడ్డ భుజాన వేసుకుని, “నన్నయితే జనంలోకి కూడా పిలవలేదు. టిక్కెట్టు నేనే కొనుక్కోవాలేమో” అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

ఆ నెలంతా పలకల మోతే. గడియారం చూస్తూ అరనిమిషం లెక్కపెట్టడం నా పని. అక్షరాలు ఎంచి పరచడం నాన్న పని. మా చేతి మాటలో ఇంగ్లీషు అచ్చులు ఐదూ ఎడమచేతి ఐదు వేళ్ల కొసల మీద ఉంటాయి, బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా. కుడిచేతి చూపుడువేలితో ఆ కొసలను తాకుతూ మాట కూర్చాలి. అమ్మ ఆలోచిస్తున్నప్పుడు ఆ చూపుడువేలు ఎడమచేతి మీద వీణ మీటినట్టు ఆడుతుండేది. ఫ్యాక్టరీలో టీ తాగే వేళ కూడా అదే పనట. పక్కావిడ చూసి గోళ్లు ఏమైనా నొప్పా అని అడిగిందట.

నాన్న పక్కా దొంగాట ఆడేవాడు. ఒకనాడు ఎనిమిది అక్షరాల మాట పేర్చి రొమ్ము విరుచుకున్నాడు.

“అలాంటి మాట లేదు” అంది అమ్మ.

“మా షెడ్డులో ఉంది. రంపం బిగుసుకుపోయినప్పుడు వాడతాం.”

“మీ షెడ్డులో మాటలు టీవీలో చెప్తే జైల్లో వేస్తారు క్లైవ్.”

అంకెల దగ్గర మాత్రం ఎవరి దొంగాటలూ సాగేవి కావు. అమ్మ అంకెల పలకలను ముట్టుకునేది కూడా కాదు. దూరం నుంచి చూసి, కళ్లు చికిలించి, ఆఖరి సంఖ్య చెప్పేసేది. ఎలా వచ్చిందని అడిగితే, “దార్లు కనబడతాయి. కొన్ని దార్లు బురద. అవి వదిలేస్తా” అనేది.

జూలైలో, గాలివాన రోజున, తెల్లారే రైలెక్కి మెల్బోర్న్ వెళ్లాం. స్టూడియోలో అమ్మకు పౌడరు రాసి, నీలం జాకెట్టు తొడిగి తీసుకెళ్లిపోయారు. నాన్ననూ నన్నూ జనం కూర్చునే మెట్ల మీద మూడో వరస కుర్చీల్లో కూర్చోబెట్టారు. దుబాసీ పేరు ఫెర్గస్. ఎర్రజుట్టు కుర్రాడు. మాకు ఎదురుగా, అమ్మకు కనబడేలా, ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు. అతని మోకాలు ఒకటే ఊగుతోంది.

ప్రత్యర్థి ఇమ్రే సాబో. అడిలైడ్ ఆయన, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. అప్పటికే వరసగా ఐదు ఆటలు గెలిచాడు. ఇది కూడా గెలిస్తే ఓటమి లేని విజేతగా కప్పు పట్టుకుని ఇంటికి పోతాడు. వచ్చీరాగానే అమ్మ ఎదుట వంగి నమస్కరించి, “మీరు నన్ను ఎక్కువ కష్టపెట్టకండి. సాయంత్రం విమానానికి టిక్కెట్టు కొనేశాను” అన్నాడు. ఫెర్గస్ అది చేతుల్లో చెప్పాడు. అమ్మ జవాబిచ్చింది. ఫెర్గస్ గొంతు సవరించుకుని పైకి చెప్పాడు: “టిక్కెట్టు మార్చుకోవడానికి ఎంతవుతుందో కనుక్కున్నారా?”

సాబో పగలబడి నవ్వాడు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. నేనైతే “మీకు ఆల్ ది బెస్ట్ చెప్తోంది” అనేదాన్ని.

ఆట మొదలయ్యే ముందు, కార్యక్రమం నడిపే హెక్టర్ అనే ఆయన పరిచయాలు చేస్తూ అమ్మ దగ్గరకొచ్చాడు. మాట చాలా మెత్తగా, మంచం మీది రోగిని పలకరించినట్టు ఉంది. “గ్లెనిస్ గారూ, అరనిమిషం నడుస్తున్నంతసేపూ మేం వాయించే సంగీతం మీకు వినిపించదు కదా. దానివల్ల మీకేమైనా ఇబ్బందిగా ఉంటుందా?”

అమ్మ ఫెర్గస్ చేతులు చూసింది. తర్వాత తిన్నగా హెక్టర్ మొహంలోకి చూస్తూ తన చేతులు కదిపింది.

“ఆ సంగీతం విన్నవాళ్లని అడిగాను” అన్నాడు ఫెర్గస్. “అదృష్టమంటే నాదేనని చెప్పారు.”

జనం మొత్తం గొల్లుమని నవ్వారు. కెమెరా పట్టుకున్నవాడు కూడా భుజాలు ఊగేలా నవ్వాడు. హెక్టర్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు, ఆ తర్వాత ఆటంతా మామూలు గొంతుతో మాట్లాడాడు. మా అమ్మ మాటకు ముక్కూ మొహం తెలియని జనం అలా నవ్వడం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. నాన్న నా చెయ్యి గిల్లాడు. “ఎంత గట్టిగా నవ్వుతున్నారు?” అని అడిగాడు.

“చాలా గట్టిగా నాన్నా. పైకప్పు ఎగిరేట్టు.”

ఆయన తృప్తిగా తలాడించి, చొక్కా కాలరు సర్దుకున్నాడు.

ఆట మాత్రం నవ్వులాట కాలేదు. సాబోకు మాటలు నాలుక చివరనే ఉన్నాయి. అమ్మ ఆరు అక్షరాల మాట కడితే ఆయన ఏడు, అమ్మ ఏడు కడితే ఆయన ఎనిమిది. మధ్యలో ఒకసారి అమ్మ కట్టిన మాట నిఘంటువులో లేదన్నారు. ఆ మార్కులు పోయాయి. ఆఖరి అంకెల వంతు వచ్చేసరికి ఆయనకు యాభై ఎనిమిది, అమ్మకు నలభై మూడు. ఇక మిగిలినవి ఈ వంతూ, చివరి చిందరవందర మాటా. రెండూ అమ్మకే రావాలి. ఒకటి పోయినా ఆట ముగిసినట్టే.

అంకెలు పడ్డాయి. డెబ్బై ఐదు, తొమ్మిది, ఎనిమిది, ఏడు, మూడు, రెండు. రాబట్టాల్సింది ఏడువందల డెబ్బై తొమ్మిది.

గడియారం ముల్లు కదిలింది. సాబో కలం పరిగెత్తింది. అమ్మ కలం ముట్టుకోలేదు. కళ్లు చికిలించింది. ముల్లు సగం దాటింది. ముప్పావు దాటింది. అప్పుడు వంగి ఒక్క గీతలో ఏదో రాసింది.

“ఏడువందల ఎనభై. ఒకటి తేడా” అన్నాడు సాబో.

అమ్మ చేతులు చెప్పాయి. “ఏడువందల డెబ్బై తొమ్మిది. సరిగ్గా” అన్నాడు ఫెర్గస్.

జనంలో గుసగుస. ఎలా చేశారో చెప్పమన్నాడు హెక్టర్. బోర్డు దగ్గర లెక్కలు రాసే అమ్మాయి కలం పట్టుకుని సిద్ధంగా నిలబడింది. అమ్మ చేతులు వేగంగా కదిలాయి. ఆత్రంలో ఉన్నప్పుడు ఆమె అంకెలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, నాకు అలవాటే.

“డెబ్బై ఐదుకి ఎనిమిది, మూడు కలపండి. ఎనభై ఆరు” అన్నాడు ఫెర్గస్. “దాన్ని ఏడుతో గుణించండి.”

ఏడు కాదు. తొమ్మిది. మూడో వరస నుంచి కూడా నాకు స్పష్టంగా కనబడింది. నాన్న కూడా చూశాడు, మోచేత్తో నన్ను పొడిచాడు. బోర్డు మీద ఆ అమ్మాయి ఎనభై ఆరు పక్కన ఏడు వేసి, ఆరువందల రెండు అని రాసి, ఆగిపోయింది. “ఇక్కణ్ణుంచి ఎలా వెళ్తారు?” అంది సందేహంగా. సాబో తన కాగితం మీదకు వంగి లెక్క వేసుకుంటున్నాడు. హెక్టర్ మొహంలో ఆ పాత జాలి మళ్లీ తొంగిచూసింది.

నా మోకాళ్లు నన్నడక్కుండానే లేచాయి. నోరు కూడా తెరిచాను.

అమ్మ బోర్డు చూసి, నా వైపు చూసింది. నడుం దగ్గర, కెమెరాలకు అందకుండా, అరచెయ్యి కిందికి తిప్పి ఒక్కసారి నొక్కింది. కూర్చో.

కూర్చున్నాను.

అమ్మ తన కుర్చీ వెనక్కి జరిపి లేచింది. అలా లేవకూడదని ముందే చెప్పారట. కెమెరా తీగలు దాటుకుంటూ బోర్డు దగ్గరికి నడిచింది. “మేడమ్, మేడమ్” అంటూ ఎవరో వెనకనుంచి అన్నారు గానీ వినేదెవరు? ఆ అమ్మాయి చేతిలోంచి కలం మర్యాదగా తీసుకుంది. ఏడును కొట్టేసి తొమ్మిది వేసింది. ఏడువందల డెబ్బై నాలుగు. దాని పక్కన ఏడు కలిపి, రెండు తీసేసింది. ఏడువందల డెబ్బై తొమ్మిది కింద రెండు గీతలు గీసి, కలం మూత పెట్టి, తిరిగి ఇచ్చేసింది.

ఫెర్గస్ మొహం ఎర్రబడి జుట్టుతో కలిసిపోయింది. అమ్మ అతని వైపు తిరిగి ఏదో అంది. అతను దుబాసీ ధర్మం తప్పలేదు. పైకే చెప్పాడు: “నీకు లెక్కలు చెప్పిన పంతులెవరయ్యా?” మళ్లీ అమ్మ చేతులు చూసి, “పర్లేదు నాయనా. నేనే తొందరపడ్డాను. నెమ్మదిగా చెప్తా” అన్నాడు.

షూటింగు ఆపారు. తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న ఒకావిడ వచ్చింది. పోటీదారు కుర్చీ వదిలితే మార్కులు పోతాయో లేదో, దుబాసీ తప్పు చెబితే లెక్క చెల్లుతుందో లేదో, చాలాసేపు గుసగుసలాడారు. చివరకు హెక్టర్ సాబోను అడిగాడు, “మీకేమైనా అభ్యంతరమా?”

“అభ్యంతరం ఏముంటుందండీ? తొమ్మిదితో గుణించకపోతే ఆ లెక్క రానే రాదు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి కూడా అది నాకు తట్టలేదు. ఉంటే గింటే నా మీద నాకే అభ్యంతరం” అన్నాడాయన.

పది మార్కులు వేశారు. యాభై ఎనిమిది, యాభై మూడు.

ఇక ఆఖరి మాట. తెర మీద తొమ్మిది అక్షరాలు గజిబిజిగా తిరిగి నిలబడ్డాయి. ముల్లు కదిలింది. ఎవరూ మీట నొక్కలేదు. సాబో పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అమ్మ చూపుడువేలు ఎడమచేతి కొసల మీద నెమ్మదిగా వెతుకుతోంది. మామూలుగా అలాంటప్పుడు నేను ఎదుటివాళ్ల మొహాలు చూస్తుంటాను. ఆవేళ అమ్మనే చూశాను. మెడ దగ్గర నరం కొట్టుకోవడం, కణత మీద పౌడరు చెమటకు చారలు కట్టడం, నుదురు మీద మూడు ముడతలు. ఆ ముడతలు ఎప్పుడొచ్చాయో నాకు తెలియదు.

ముడతలు సడలాయి. మీట నొక్కింది.

“చెప్పండి గ్లెనిస్” అన్నాడు హెక్టర్.

అమ్మ ఈసారి తొందరపడలేదు. రెండు చేతులూ గుండెల దగ్గరకు తెచ్చి, ఒక్కో అక్షరం విడివిడిగా కూర్చింది. ఫెర్గస్ ఒక్కొక్కటీ పలికాడు. బి. ఆర్. ఈ. ఏ. కే. అక్కడికే సాబో కళ్లు మూసుకుని, నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. ఎఫ్. ఏ. ఎస్. టీ.

బ్రేక్‌ఫాస్ట్. పొద్దున్నే తినే తిండి.

అరవై మూడు, యాభై ఎనిమిది.

సాబో తన కుర్చీలోంచి లేచి వచ్చి అమ్మ చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చేతులు పట్టుకుంటే ఆమెకు మాట్లాడ్డం కుదరదని గుర్తొచ్చి, చప్పున వదిలేశాడు. “కనుక్కున్నానండీ. టిక్కెట్టు మార్చడానికి అరవై డాలర్లట” అన్నాడు. నాన్న ఏడుస్తున్నాడు. తుమ్ము వచ్చిందని నాతో అబద్ధం చెప్పాడు.

గెలిచినవాళ్లు ఆ రోజే ఇంకో ఆట ఆడాలి. గులాబీ రంగు జాకెట్టు తొడుక్కుని వచ్చిన అమ్మను పెర్త్ నుంచి వచ్చిన ఒక నర్సు చిత్తుగా ఓడించింది. తేడా ఎంతో చెప్పను, చెబితే అమ్మ ఒప్పుకోదు. తిరుగు రైల్లో అమ్మ బూట్లు విప్పి కాళ్లు ఎదుటి సీటు మీద పెట్టుకుని, “ఆ పిల్ల రాక్షసి. నాకు నచ్చింది” అంది. పక్కనే కూర్చున్న నేను ఆమె భుజం మీద తల వాల్చాను. కాసేపయ్యాక నా చేతిలో మెల్లగా రాసింది, “ఈసారి కూర్చున్నావే.”

ఆ చలికాలం పోయేలోపు ఇంట్లో చాలా మారిపోయాయి. డాక్టరు దగ్గరికి అమ్మే దుబాసీని పిలిపించుకుంది. మాంసం కొట్టుకు ఒక్కతే వెళ్లి, బూటు సంగతి ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి రెజ్జీకిచ్చింది. రెజ్జీ ఆ కాగితాన్ని గల్లా పక్కన గోడకు అంటించుకున్నాడు, వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వేవాడు, మంచి ముక్కలు కూడా ఇవ్వడం మొదలుపెట్టాడు. నాకు శనివారాలు ఖాళీ. మొదట ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత జీలాంగ్ నగరంలో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. వచ్చింది. వెళ్తానని చెప్పినప్పుడు అమ్మ, “వెళ్లు మరి, అడుగుతావేంటి?” అని, నా సూట్‌కేసు నిండా నేనెన్నడూ వేసుకోని స్వెట్టర్లు కుక్కింది.

సెప్టెంబరులో ఆట టీవీలో వచ్చే రోజు, మెల్బోర్న్‌లోని బధిరుల సంఘం మేడమీది హాల్లో పెద్ద తెర కట్టారు. అమ్మ చిన్ననాటి హాస్టలు బడి స్నేహితులంతా వచ్చారు. ఫలితం బయటికి చెప్పకూడదని షూటింగువాళ్లు సంతకం తీసుకున్నారు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. నాన్న రెండు నెలలుగా చేతులు జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు, నోరు జారకుండా.

నా పక్కన లోర్నా అనే పెద్దావిడ కూర్చుంది. “మీ అమ్మా నేనూ ఒకే బెంచీ” అని మొదలుపెట్టింది. “మా బళ్లో నోటితోనే మాట్లాడాలి. చేతులు కదిపితే తప్పు. కదిపినవాళ్లని అరచేతుల మీద కూర్చోబెట్టేవాళ్లు. సాయంత్రానికి చేతుల మీద బెంచీ చెక్క చారలు అచ్చుపడేవి. మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదా?”

“లేదండీ.”

“చెప్పదు. అది మొండిది. చేతులు నొక్కిపెడితే కాళ్ల వేళ్లతో అక్షరాలు కట్టేది, బెంచీ కింద. నాకొక్కదానికే కనబడేలా.”

ముందు వరసలో కూర్చున్న అమ్మ వైపు చూశాను. ఎవరితోనో మాట్లాడుతూ కేకు తింటోంది. పెదవి మీద కొబ్బరి తురుము అంటింది.

తెర మీద ఆఖరి మాట వచ్చింది. హాల్లో ఒక్క చెయ్యి కూడా కదలడం లేదు. అమ్మ మీట నొక్కింది. రెండు చేతులూ గుండెల దగ్గరకు తెచ్చింది. దేశమంతా చూస్తున్న ఆ తెర మీద మొదటి అక్షరం కట్టగానే, ఎవరు ముందు ఎత్తారో గానీ, హాల్లో చేతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి. యాభైలూ అరవైలూ దాటినవాళ్లు, వేళ్లు వంకర్లు పోయినవాళ్లు, అందరూ అమ్మతో పాటు ఒక్కో అక్షరం కూర్చారు. చివరి అక్షరం పడగానే కాళ్లతో నేల దంచడం మొదలుపెట్టారు. అది చెక్క నేల. టీ కప్పులు ఎగిరిపడ్డాయి, కిటికీలు గలగలలాడాయి. ఉరుము ఇంట్లోకి వచ్చినట్టుంది. ఆ హాల్లో అది వినగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెవులు మూసుకోలేదు.

కింద వాకిలి దగ్గర ఉండే కాపలాదారు రొప్పుతూ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. పైకప్పు కూలిందనుకున్నాడట. అందరి మొహాలూ చూసి, ఎవరిని అడగాలో తెలియక, “ఏమైంది? ఇక్కడ ఏం జరుగుతోంది?” అని గాల్లోకి అరిచాడు.

“మా అమ్మ గెలిచింది” అన్నాను. నోటితో అన్నాను, చేతులతోనూ అన్నాను.